బియ్యప్పళ్ళెం నుంచి పలక దాకా

అక్షరాభ్యాసం రోజు చాలా ఇళ్ళల్లో పిల్ల చేతికి ముందు అందేది బలపం కాదు, బియ్యం. బాసర సరస్వతమ్మ సన్నిధిలోనైనా, ఊరి గుళ్ళోనైనా, ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టినా తతంగం ఇంచుమించు ఒకటే. పళ్ళెంలో బియ్యం పోస్తారు. తండ్రో తాతో పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చూపుడువేలు పట్టుకుని, ఆ బియ్యంలో అక్షరాలు దిద్దిస్తారు. వేలు కదిలినచోట చాలు పడుతుంది. పళ్ళెం కాస్త కుదిపితే చెరిగిపోతుంది. పిల్లకు అది భలేగా ఉంటుంది. చెయ్యి విడిపించుకుని తనంతట తనే ఇంకో గీత గీస్తుంది. అది 'అ' కాకపోయినా ఎవరూ తప్పనరు. అక్షింతలు వేస్తారు, తోటిపిల్లలను పిలిచి పలకలూ బలపాలూ పంచుతారు.

పసిపిల్లల చదువుకు మనవాళ్ళు పెట్టుకున్న పండగ ఇది. ఇందులో పిల్ల వయసుకు తగనిది ఒక్కటీ లేదు. వేలికి తగిలే గింజలు, ఆనుకోవడానికి పెద్దల ఒడి, తప్పు పడినా చెరిగిపోయే గీత, చుట్టూ మురిసిపోయే మనుషులు. చిన్నపిల్లలకు చదువు ఎలా అబ్బుతుందో తెలిసినవాళ్ళు ఇవాళ చెప్పేదీ ఇదే. బాధేమిటంటే, ఆ పండగ ఆ పూటతోనే అయిపోతుంది.

మా పక్క వాటాలో మూడున్నరేళ్ళ పాప ఉంది. నర్సరీ చదువుతోంది. ఒకరోజు సాయంత్రం వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళు నాలుగు గీతల కాపీ పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. ఆ రోజు డైరీలో అక్షరానికి ఒక పేజీ చొప్పున నాలుగు పేజీల హోంవర్కు ఉంది. పాప పెన్సిల్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది, గోళ్ళు తెల్లబడేలా. మూడో వరుసకొచ్చేసరికి "నొప్పి అమ్మా" అంది. తల్లి ఆ చేతి మీద తన చెయ్యి వేసి మిగతాది రాయించింది. రాయిస్తూ నాతో, "రాయకపోతే రేపు నన్ను పిలిచి అడుగుతారండీ" అంది. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళే. ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఫీజు కట్టింది, పిల్ల వెనకబడిపోతుందేమోనని భయపడుతోంది. ఆ భయం నిజమైనది. కాని ఆ పాప అన్న "నొప్పి" కూడా నిజమే. ముందు దాని సంగతి చూద్దాం.

మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలు కావు, మెత్తని మృదులాస్థి. రెండు మొదటి ఏడాదిలోనే గట్టిపడటం మొదలుపెడతాయి. మిగతావి ఏళ్ళ తరబడి ఒకదాని తర్వాత ఒకటి. చివరి ఎముక వంతు వచ్చేసరికి పిల్లలకు ఎనిమిదేళ్ళు దాటుతాయి, కొందరికి పన్నెండు కూడా వస్తాయి. వేళ్ళను నడిపే చిన్న కండరాలూ అంతే నిదానంగా బలపడతాయి. అందుకే ఏడాదిన్నర పిల్ల బలపాన్ని పిడికిలితో పట్టుకుంటుంది, భుజం మొత్తం కదిపి గీస్తుంది. తర్వాత కొన్నాళ్ళు వేళ్ళన్నీ కలిపి పట్టుకుంటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడింటి మధ్య పెన్సిలు కుదురుగా నిలవడానికి చాలామందికి నాలుగు నుంచి ఆరేళ్ళు పడుతుంది. మూడున్నరేళ్ళ చేతితో నాలుగు గీతల మధ్య ఇరుకులో రాయించడమంటే, పాకే పిల్లను మెట్లెక్కమనడమే.

మరి చెయ్యి బలపడేది ఎలా? కాపీ పుస్తకంతో కాదు, ఇంటి పనితో. చపాతీ పిండిలో ఒక ముద్ద ఇచ్చి పామూ, గిన్నే చెయ్యమనండి. చిక్కుడుకాయలు తుంచేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు కాయలు ఇవ్వండి. కరివేపాకు రెమ్మ నుంచి ఆకులు దూయమనండి. డబ్బా మూత తిప్పడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, పూలమాల కడుతున్న నాయనమ్మకు మల్లెమొగ్గలు రెండేసి అందించడం, ఇవన్నీ వేళ్ళకు కసరత్తే. వీటన్నిటిలోకీ నాకు ముగ్గు అంటే ఎక్కువ మక్కువ. ముగ్గుపిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, బిగించకుండా వదిలేయకుండా సన్నటి ధారగా జారవిడిచేవాళ్ళ చెయ్యి ఒక్కసారి దగ్గర్నుంచి చూడండి. పెన్సిలు పట్టుకోవడానికి కావలసిన అదుపు అంతా అందులో ఉంది. సంక్రాంతి నెలలో వాకిట్లో ఒక మూల పిల్లకు వదిలేస్తే, గీత వంకరపోతే పోనీ అని ఊరుకుంటే, నెల తిరిగేసరికి ఆ వేళ్ళలో తేడా కనిపిస్తుంది.

ఇక మెదడు సంగతి. తొలి ఏళ్ళలో పసిమెదడులో సెకనుకు పది లక్షలకు పైగా కొత్త లంకెలు పడతాయని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని బాలల వికాస కేంద్రం చెబుతోంది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని మన 2020 జాతీయ విద్యావిధానం రాసుకుంది. ఈ అంకెలు వినగానే కొందరు, అయితే ఆరేళ్ళలోపే ఎక్కాలన్నీ నూరిపోయాలి కాబోలు అనుకుంటారు. అక్కడే పొరపాటు. వాడుకలో ఉన్న లంకెలు గట్టిపడతాయి, వాడుక లేనివి రాలిపోతాయి. వాటిని అన్నిటికన్నా ఎక్కువగా వాడుకలో పెట్టేది మాటకు మాట. పిల్ల ఒకటి అంటుంది, పెద్దవాళ్ళు దానికి బదులు చెబుతారు, ఆ బదులు పట్టుకుని పిల్ల ఇంకోటి అడుగుతుంది. ఒక వంటింట్లో నా చెవిన పడిన సంభాషణ ఇది:

"అమ్మా, ఇవేంటి?"

"మెంతులు."

"తినొచ్చా?"

"రెండు గింజలు నోట్లో వేసుకుని చూడు."

"ఛీ, చేదు!"

"చేదేగా మరి. పుల్లగా ఉండేది ఏది, చూపించు?"

పిల్ల పోపులపెట్టె చుట్టూ చూసి, అందులో లేదని తెలుసుకుని, పైఅరలో ఉన్న చింతపండు డబ్బా వైపు వేలు చూపించింది. అర నిమిషం పట్టలేదు. ఈలోగా ఆ పిల్ల ఒక కొత్త పేరు నేర్చుకుంది, దాన్ని రుచితో ముడివేసుకుంది, లేనిదాన్ని గుర్తు చేసుకుని వెతికింది. ఫోనులో పాట పెట్టి అన్నం తినిపిస్తే కడుపు నిండుతుందేమో గాని ఈ అర నిమిషం దొరకదు. ఫోను పిల్లతో మాట్లాడుతుంది, పిల్ల మాట వినదు. రెండేళ్ళు నిండనివాళ్ళకు తెర చూపించనేవద్దని, రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకు రోజుకు గంట దాటనివ్వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

లెక్కల విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చుట్టాలొస్తే మనం ముందుగా అడిగేది "ఏదీ, ఒకట్లు చెప్పు" అని. పిల్ల గుక్క తిప్పుకోకుండా ఇరవై దాకా చెబుతుంది, అందరం చప్పట్లు కొడతాం. అదే పిల్లను వంటింట్లోంచి నాలుగు గ్లాసులు తెమ్మనండి. దొరికినన్ని పట్టుకొస్తుంది. ఇరవై దాకా చెప్పిన పిల్లకు నాలుగు తెలియకపోవడం ఏమిటి? ఆశ్చర్యం అక్కర్లేదు. అంకెల వరుస చెప్పడం పాట పాడటం లాంటిది. లెక్కపెట్టడం వేరే విద్య. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకే అంటుకోవాలి, ఏదీ వదలకూడదు, దేన్నీ రెండుసార్లు లెక్కించకూడదు, చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తట్టాలి. మూడు నుంచి ఐదేళ్ళ మధ్య ఈ ఎరుక ఒక్కొక్కటిగా విచ్చుకుంటుంది. ఎలా విచ్చుకుంటుందో రోచెల్ గెల్మన్, ర్యాండీ గాలిస్టెల్ అనే అమెరికా పరిశోధకులు 1978లో ఒక పుస్తకమే రాశారు.

ఇంట్లోనే చూడండి. ఆరు గవ్వలు ఒక వరుసలో పెట్టి, కింద ఇంకో ఆరు వాటికి ఎదురెదురుగా పెట్టండి. నాలుగేళ్ళ పిల్లను అడిగితే రెండూ సమానమే అంటుంది. ఇప్పుడు తను చూస్తుండగానే కింది వరుసను ఎడంగా జరపండి. "ఇప్పుడు ఏ వరుసలో ఎక్కువున్నాయి?" చాలామంది కింది వరుసే చూపిస్తారు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే ఇలాంటి చిన్న ఆటలతోనే పిల్లల ఆలోచన పెద్దల ఆలోచనకు తగ్గు నమూనా కాదని, దాని దారే వేరని చూపించాడు. ఇది చూశాక పిల్లను తెలివితక్కువదని అనుకోకండి, సరిదిద్దాలని తొందరపడకండి. ఇంకో ఏడాదికో రెండేళ్ళకో అదే పిల్ల "జరిపావంతే, అన్నే ఉన్నాయి" అని మీకే చెబుతుంది. ఆ మాట అన్న రోజు ఇంట్లో పాయసం వండుకోవచ్చు.

ఆ రోజు త్వరగా రావాలంటే పిల్ల చేత పంచిపెట్టించాలి. ఐదుగురికి ఐదు పళ్ళాలు వేయించండి, ఒక్కో పళ్ళెంలో రెండేసి వడియాలు పెట్టించండి. వామనగుంటల పీటలో రెండు వరుసల్లో పద్నాలుగు గుంటలుంటాయి. గుంటకో చింతపిక్క చొప్పున వదులుతూ పోవడం కంటే మంచి లెక్కల పాఠం నాకు తెలియదు. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం పిక్కలూ గవ్వలూ నోట్లో పెట్టుకుంటారు, పక్కనే ఉండాలి. బతుకమ్మ రోజుల్లో తంగేడు ఒకవైపు, గునుగు ఒకవైపు, బంతి ఒకవైపు వేరుచేసి, ఏ వరుస తర్వాత ఏ వరుసో పిల్లలే చెప్పేలా చూస్తే, గణితంలో వర్గీకరణ, క్రమం అని పెద్ద క్లాసుల్లో నేర్పేవి పూల వాసనతో సహా వంటబడతాయి.

అక్షరాల దగ్గర తెలుగు పిల్లలకు ఒక వరం ఉంది. మన 'క' పేరూ 'క'నే, పలుకూ 'క'నే. ఇంగ్లీషులో 'డబ్ల్యూ' అనే పేరు వింటే దాని పలుకు ఏమిటో పసిపిల్ల ఊహించలేదు. ఈ వరాన్ని వాడుకోవాలంటే ముందు చెవి పదును కావాలి. మాటను ముక్కలు చేసి చప్పట్లు కొట్టించండి. కా-కి, రెండు చప్పట్లు. చి-లు-క, మూడు. అ-ర-టి-పం-డు, ఐదు. తన పేరుకెన్ని, తాతయ్య పేరుకెన్ని? మాట చివరి అక్షరంతో ఇంకో మాట ఎత్తుకోవడం బస్సులో కూడా ఆడుకోవచ్చు. మాటలో ముక్కలుంటాయని చెవికి తెలిసిన పిల్లకు ఆ ముక్కకు ఒక బొమ్మ ఉంటుందని, దాన్నే అక్షరమంటారని చెబితే వెంటనే అర్థమవుతుంది. చెవి సిద్ధం కాకముందే యాభై ఆరు అక్షరాలూ వరుసగా దిద్దిస్తే, ద-డ, ప-వ, బ-భ ఒకదానితో ఒకటి కలిసిపోయి తికమక మిగులుతుంది. అసలు తెలుగులో పిల్లలకు పని కష్టమయ్యేది అక్షరాల దగ్గర కాదు, గుణింతాలూ ఒత్తుల దగ్గర. ఆ కష్టం దాటడానికి కావలసిన ఇష్టాన్ని నర్సరీలోనే ఖర్చు చేసేస్తున్నాం.

ఇంటి భాష మాటకొస్తే, గిడుగు రామమూర్తిగారిని తలచుకోకుండా ఉండలేను. పర్లాకిమిడిలో పనిచేస్తూ ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చెప్పాలని వాచకాలు రాసి, బడులు పెట్టించారు. పిల్ల ఏ భాషలో ఏడుస్తుందో ఆ భాషలో మొదలుపెట్టాలన్న ఇంగితం మనకు అంత పాతది. ఉమ్మడి రాష్ట్రంలో తర్వాత సవర, కోయ, గోండి, కువి వంటి భాషల్లో తొలి తరగతుల పుస్తకాలు వచ్చింది కూడా ఈ ఇంగితంతోనే.

ఆడుకుంటే చదువెప్పుడని అడిగేవాళ్ళకు నేను జమైకా కథ చెబుతాను. 1986-87 ప్రాంతంలో కింగ్‌స్టన్ నగరపు పేదవాడల్లో, తిండి చాలక ఎదుగుదల తగ్గిన 129 మంది పసివాళ్ళను శాలీ గ్రంథమ్-మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలి బృందం ఎంచుకుంది. అప్పటికి వాళ్ళ వయసు తొమ్మిది నెలల నుంచి రెండేళ్ళు. కొందరికి అదనపు పోషకాహారం ఇచ్చారు. కొందరి ఇళ్ళకు వారానికోసారి ఆరోగ్య కార్యకర్త వెళ్ళి, గంటసేపు తల్లి చేతే బిడ్డతో ఆడించింది, మాట్లాడించింది. ఆటవస్తువులు చాలావరకు ఇంట్లో దొరికేవాటితో చేసినవే. కొందరికి రెండూ ఇచ్చారు, కొందరికి ఏదీ లేదు. ఇదంతా రెండేళ్ళు. ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళను వెతికి పట్టుకుని చూస్తే, ఆటా మాటా అందినవాళ్ళు అందనివాళ్ళకంటే సుమారు 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. ఒక్క తిండి మాత్రమే అందినవాళ్ళలో అంత తేడా నిలవలేదు. తిండి అక్కర్లేదని కాదు దీని అర్థం. తిండితో పాటు తల్లి ఒడిలో ఆట కూడా బిడ్డకు ఆహారమేనని అర్థం.

మన దేశంలో ఈ సంగతి ముందే పట్టుకున్నవాళ్ళున్నారు. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు, కొడుకు పుట్టాక మాంటిస్సోరి పుస్తకాలు చదివి, వకాల్తా వదిలేసి 1920లో దక్షిణామూర్తి బాలమందిరం తెరిచాడు. బెత్తం లేదు, కథలూ ఆటలే. జనం ఆయన్ని మీసాలున్న అమ్మ అని పిలుచుకున్నారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ ఆ తర్వాత మహారాష్ట్ర తీరంలోని బోర్డీకి, అక్కణ్ణుంచి కోస్‌బాడ్‌కు వెళ్ళి ఆదివాసీ పిల్లల మధ్య పనిచేసింది. పిల్లలు బడికి రావడంలేదని తెలిసి బడినే వాళ్ళ ముంగిళ్ళలోకి తీసుకెళ్ళింది. కొనుక్కొచ్చిన బొమ్మలకు బదులు గింజలు, గవ్వలు, ఆకులు, రాళ్ళు. అంగన్ అంటే ముంగిలి. మనం రోజూ అనే అంగన్‌వాడీ అన్న మాట ఆ ముంగిట్లోంచి వచ్చిందే.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) కింద ఇవాళ దేశంలో సుమారు 14 లక్షల అంగన్‌వాడీలున్నాయి. చాలా ఊళ్ళల్లో అంగన్‌వాడీ అంటే గుడ్డూ పాలూ ఇచ్చే చోటు అనే లెక్క. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు అది బడి కూడా. నెలకోసారి ఈసీసీఈ డే (పసిపిల్లల సంరక్షణ, విద్యా దినం) అని పెట్టి, తల్లిదండ్రులను పిలిచి, పిల్లలు చేసిన బొమ్మలూ ఆటలూ చూపించాలని నియమం ఉంది. నేను వెళ్ళిన ఒక కేంద్రంలో ఆ రోజు టీచరు ఒక మూల ఉత్తుత్తి కిరాణాకొట్టు పెట్టించింది. నాలుగున్నరేళ్ళ పిల్లాడు షావుకారు. కాగితం ముక్కలే డబ్బులు. కూలి పనికి సెలవు పెట్టి వచ్చిన ఒక తండ్రి "కిలో పంచదార" అని అడిగితే వాడు కొలిచి ఇసుక పోశాడు, కాగితం తీసుకుని చూసి "చిల్లర లేదు, రేపు రండి" అన్నాడు. గది గదంతా నవ్వింది. ఆ తండ్రి మాత్రం నవ్వలేదు, కొడుకునే చూస్తూ నిలబడిపోయాడు. వాడు అంత బాగా మాట్లాడగలడని ఆయనకు అప్పటిదాకా తెలియదట.

నా దృష్టిలో చిన్నపిల్లల చదువుకు నిజమైన ఉత్సవం అదే. యాన్యువల్ డే నాడు అద్దె బట్టలు కట్టి, అర్థం తెలియని పాటకు రెండు నెలలు గిరిగీసి ఆడించే డాన్సు పిల్ల కోసం కాదు, చూసేవాళ్ళ కోసం. కొట్టు ఆట పిల్ల కోసం. ప్రభుత్వాలకు కూడా ఇక్కడే ఒక విన్నపం. అంగన్‌వాడీ టీచరు చేతికి తూకాలు, రిజిస్టర్లు, యాప్‌లు, సర్వేలు అన్నీ అప్పగించి, ఇంకా పిల్లలతో ఆడమంటే ఆమెకు పొద్దు చాలదు. రోజులో రెండు గంటలు ఆమెను పిల్లలకే వదలండి. కాగితం మీద మనకు కొరత లేదు. 2020 విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అంది, ఆ దశ కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఆటే మార్గమంది. ఇప్పుడు కావలసింది ఆ రెండు గంటలు.

కొత్త బడి వెతికే తల్లిదండ్రులకు ఒక మాట. వెళ్ళినప్పుడు పిల్లల నోటుపుస్తకాలు చూపించమని అడగకండి. ఒక గంట వెనక కూర్చుంటానని అడగండి. ఒప్పుకోకపోతే అదే జవాబు. ఒప్పుకుంటే ఆ గంటలో ఎవరి గొంతు ఎక్కువ వినబడిందో గమనించండి. పిల్లల గొంతు ఎక్కువ వినబడితే అక్కడ చేర్పించండి. సాయంత్రం ఇంటికొచ్చాక "ఇవాళ ఏం రాశావు?" అనకండి, "ఇవాళ ఏం ఆడారు, నాకూ నేర్పవా?" అని పక్కన కూర్చోండి.